బెస్ (ఓవెర్న్, ఫ్రాన్స్): అగ్నిపర్వతాల మధ్య చిన్న ఊరు. బస, దారులు, తిండి

గౌతమీతీరం

జూన్ రెండో వారంలో పారిస్ నుంచి ఓవెర్న్ వైపు వెళ్లే ఆలోచనలో ఉన్నాం. నలుగురం. అమ్మానాన్నలకు అరవై దాటాయి, అమ్మకు మోకాళ్లు అంతంత మాత్రం. అందరం శాకాహారులం. పెద్ద ఊరు వద్దు, రద్దీ వద్దు. అగ్నిపర్వతాలు దగ్గరగా చూడాలి. వెతుకుతుంటే బెస్ అనే ఊరి పేరు తగిలింది. నాలుగు రాత్రుల మకాముకు అది సరిపోతుందా? కారు లేకుండా కుదురుతుందా? అమ్మ ఎక్కడెక్కడికి రాగలదు? తిండి సంగతేమిటి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

నల్లరేగడి

మకాముకు బెస్ మంచి ఎంపికేనండీ. కాకపోతే ఏం చూడబోతున్నారో ముందే తెలిసి ఉండాలి. పొగ, ఎర్రటి లావా ఊహించుకుని వెళ్తే నిరాశే. అక్కడివన్నీ ఆరిపోయిన కొండలు, పైన పచ్చిక, పచ్చికలో ఆవులు. వాటి ఆకారాన్ని చదవడం వస్తేనే మజా.

ఆ చుట్టుపక్కల మూడు రకాలున్నాయి, మూడూ వేరువేరు కథలు.

మొదటిది పుయీల (అక్కడి మాటలో అగ్నిపర్వతపు కొండల) వరస, క్లెర్మాన్ ఫెరాన్ నగరానికి పడమట. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 80 కొండలు ఒకే వరసలో నిలబడి ఉంటాయి. పక్కనున్న లిమాఞ్ భ్రంశంతో (నేల విరిగి ఒకవైపు కుంగిన చోటుతో) కలిపి 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఇక్కడి కొండల్లో చాలామటుకు ఒక్క విడతే పేలి ఆరిపోయాయి. తర్వాతి పేలుడు పక్కన ఇంకోచోట, ఇంకో కొత్త కొండ. అందుకే అన్ని కొండలు. పారియూ లాంటివి బొగ్గు చిట్టెంలాంటి రాళ్లు ఎగజిమ్మి గుట్టపడ్డవి, నడిమధ్యన గిన్నెలాంటి బిలం. పుయీ ద దోమ్ (1465 మీటర్లు) అలా కాదు. అక్కడి లావా చిక్కనిది, పారలేక వచ్చినచోటే ఉబ్బి గడ్డకట్టింది. ఆ శిఖరం మీద బిలం కోసం వెతక్కండి, ఉండదు.

రెండోది సాన్సీ. ఇది ఒక్క పేలుడు పని కాదు. లక్షల ఏళ్లపాటు మళ్లీ మళ్లీ పేలి పొరలు పొరలుగా పెరిగిన పెద్ద అగ్నిపర్వతం. తర్వాత హిమనదాలు దాన్ని చెక్కి లోయలు చేశాయి. 1885 మీటర్లతో మధ్య ఫ్రాన్స్ పర్వతాల్లో ఇదే ఎత్తయినది. బెస్ దీని తూర్పు వాలు కింద ఉంటుంది, ఊరి ఎత్తు సుమారు 1050 మీటర్లు.

మూడోది బెస్ ముంగిట్లోనే ఉంది: పవాన్ సరస్సు, దాని పక్కన మోన్‌షాల్ కొండ, కాస్త దక్షిణాన మోన్‌సినేర్. దాదాపు 7,000 ఏళ్ల కిందటివి. ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో వీటికంటే లేత అగ్నిపర్వతాలు లేవు. పైకి వస్తున్న శిలాద్రవం భూగర్భజలాన్ని తాకి, నీరు ఒక్కసారిగా ఆవిరై, నేలను పేల్చేసిన గుంటే పవాన్. గుండ్రటి సరస్సు, లోతు 92 మీటర్లు.

మనవైపు పోలిక అడిగితే, ఇది దక్కన్ నాపల తీరు కాదు. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే నల్లరాయి, దాని నుంచి వచ్చిన నల్లరేగడి దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల పగుళ్లలోంచి పొంగి పరుచుకున్న లావావి. మన దగ్గర పరుపులు, అక్కడ కొండలు.

రైలుబండి

పారిస్ నుంచి రైలు గురించి. క్లెర్మాన్ రైళ్లు గార్ ద లియోన్ నుంచి కాదు, బెర్సీ స్టేషన్ నుంచి బయల్దేరతాయి. రెండూ దగ్గరదగ్గరే, నడిస్తే పావుగంట. కానీ సామానుతో, పెద్దవాళ్లతో ఆఖరి నిమిషంలో తప్పు స్టేషన్లో తేలితే రైలు పోయినట్టే. మెట్రోలో 'బెర్సీ' అనే స్టాపులో దిగాలి. 6, 14 లైన్లు రెండూ అక్కడ ఆగుతాయి. 14లో లిఫ్టులున్నాయి కాబట్టి మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు అదే నయం.

ప్రయాణం మూడున్నర గంటల పైచిలుకు. ఇది టీజీవీ (అతివేగ రైలు) కాదు, మామూలు ఇంటర్‌సిటీ. ఈ మార్గంలో సీటు రిజర్వేషన్ తప్పనిసరి. ముందు కొంటే టికెట్ చవక, దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది. వేసవిలో ఈ లైన్లో ఆలస్యాలు మామూలే. దిగగానే కారు తీసుకునేలా ఉంటే మధ్యలో రెండు గంటలైనా వదిలిపెట్టండి.

బెస్‌కు రైలు లేదు. దగ్గరి స్టేషన్ ఇస్వార్, అక్కడి నుంచి ఇంకా 30 కిలోమీటర్ల పైనే.

బండిచక్రం

కారు లేకుండా బెస్ వద్దండి. బస్సులు పలచన, సీజన్‌ను బట్టి మారతాయి, చూడాల్సినవన్నీ ఊరికి అటూ ఇటూ పదీ ఇరవై కిలోమీటర్ల దూరంలో చెదిరి ఉంటాయి. నలుగురికి టాక్సీ ఖర్చు లెక్కేస్తే కారే చవక.

లైసెన్సు: ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని బయల్దేరండి, అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. మన లైసెన్సు ఇంగ్లీషులో ఉంది కదా, చాలదా అంటారు. ఫ్రెంచ్ నిబంధన ప్రకారం ఫ్రెంచ్ అనువాదమో, ఈ పర్మిటో ఉండాలి. అద్దె కౌంటర్‌లో అడగకపోయినా దారిలో పోలీసులు ఆపినా, ప్రమాదం జరిగి ఇన్సూరెన్సు దాకా వెళ్లినా అడుగుతారు.

గేరు: అడక్కపోతే మాన్యువల్ ఇస్తారు. కుడివైపు నడపడం, కుడిచేత్తో గేరు, కొండ మలుపులు, ఈ మూడూ ఒకేసారి కొత్తైతే కష్టం. ఆటోమేటిక్ కావాలంటే వారాల ముందే బుక్ చేయాలి, ధర ఎక్కువ. నలుగురికి పెద్ద సూట్‌కేసులుంటే చిన్న కారు డిక్కీ చాలదు, అదీ చూసుకోండి.

డిపాజిట్: కారు నడిపేవారి పేరు మీదున్న క్రెడిట్ కార్డు మీదే పట్టి ఉంచుతారు. డెబిట్ కార్డునూ, ఫారెక్స్ ప్రీపెయిడ్ కార్డునూ చాలాచోట్ల ఒప్పుకోరు.

దారి: క్లెర్మాన్ నుంచి ఏ75 హైవే మీద దక్షిణంగా, 6వ ఎగ్జిట్ దగ్గర దిగి షాంపే మీదుగా డి978 పట్టుకుంటే బెస్. మొత్తం సుమారు 50 కిలోమీటర్లు, దాదాపు గంట. ఏ75 ఈ ముక్కలో టోల్ లేదు. పారిస్ నుంచే కారులో వస్తే ఏ71 మీద టోల్ ఉంది, నాలుగు గంటలకు తక్కువ కాదు.

కొత్తవాళ్లు తప్పు చేసేది ఒకచోట: కుడివైపు నుంచి వచ్చేవారికి దారివ్వాలనే నియమం. పల్లెల్లో చిన్న సందులోంచి వచ్చే ట్రాక్టరుకు కూడా, అది మీ కుడివైపుదైతే, మీరే ఆగాలి. పసుపు డైమండ్ బోర్డు కనిపిస్తే పెద్ద రోడ్డు మీదున్న మీదే ముందు. అదే బోర్డు మీద నల్లగీత అడ్డంగా ఉంటే ఆ హక్కు అయిపోయినట్టు. వేగం ఊళ్లో 50, బయట మామూలు రోడ్డు మీద బోర్డు వేరే చెప్పకపోతే 80.

నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు ఈ కొండ ప్రాంతంలో మంచు టైర్లో, డిక్కీలో గొలుసులో తప్పనిసరి. జూన్‌లో ఆ గొడవ లేదు. బెస్ నుంచి ల మోన్ దోర్ వెళ్లే డి36 మీద 1451 మీటర్ల ఎత్తున క్రువా సెన్ రోబేర్ కనుమ ఉంది. చలికాలం మంచు వల్ల మూసేస్తారు, జూన్‌లో తెరిచే ఉంటుంది. వీలైతే ఆ దారినే ఎంచుకోండి, ఆ కనుమ దగ్గర ఆగినా అమ్మగారికి సాన్సీ బాగా కనిపిస్తుంది.

దోర్_గట్టు

కారు గురించి బండిచక్రం గారి మాట సరైనదే, కానీ నడపడం ఇష్టం లేనివాళ్లకు రెండో దారి కూడా ఉందని చెప్పాలి. క్లెర్మాన్‌లోనే ఉండిపోవడం. నిశ్శబ్దమైన ఊరు కాదు గానీ పాత బస్తీ ప్రశాంతంగానే ఉంటుంది. వోల్విక్ నల్లరాతితో కట్టిన కెథెడ్రల్ ఉంది. సీజన్‌లో నగరం నుంచి పుయీ ద దోమ్ అడుగుకు షటిల్ బస్సు నడుస్తుంది, అక్కడి నుంచి పళ్లచక్రాల రైలు పైకి తీసుకెళ్తుంది. ఒక అగ్నిపర్వతం, ఒక నగరం, కారు అక్కర్లేదు.

లేదా ల మోన్ దోర్: వేడినీటి స్నానశాలల ఊరు, సాన్సీకి కేబుల్ కారు, 1898 నాటి కాప్యుసేన్ ఫ్యునిక్యులర్ (తాడు లాగితే కొండ ఎక్కే రైలు). ఊరు దాటకుండానే రెండు మూడు రోజులు గడిచిపోతాయి. నా ఓటు దానికే.

నల్లరేగడి

కారు లేనివాళ్లకు ల మోన్ దోర్ సరే. ఉన్నవాళ్లకు మాత్రం బెస్ మేలు. ల మోన్ దోర్ లోయ అడుగున ఉంది, సాయంత్రం తొందరగా నీడ పడుతుంది. బెస్ మెట్ట మీద ఉంది, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగు. పైగా ఊరు మొత్తం అక్కడి లావా రాతి కట్టడమే: మాంసం కొట్ల వీధిలో మధ్యయుగాల నాటి దుకాణపు అరుగులు ఇంకా అలాగే ఉన్నాయి, ఊరి ద్వారం మీద గంటగోపురం, 12వ శతాబ్దపు సెన్ ఆంద్రే చర్చి. గంటన్నరలో తిరిగేయొచ్చు. వీధులు రాతిపలకలవి, వాన పడితే జారతాయి, అమ్మగారికి గట్టి అడుగున్న చెప్పులు చూడండి.

జులై మొదట్లో వెళ్లేవాళ్లకు ఇంకోటి. ఈ చర్చిలో ఉండే నల్లని మేరీమాత విగ్రహాన్ని వేసవికి పైనున్న వాసివియేర్ మందిరానికి ఊరేగింపుగా తీసుకెళ్తారు, సెప్టెంబరు చివర్లో మళ్లీ దించుతారు. ఆవుల మందలు పైపచ్చికకు వెళ్లే, దిగే కాలానికి ముడిపడిన ఆచారం ఇది. మన ఉత్సవ విగ్రహాన్ని ఊరు దాటించి తోటకు తీసుకెళ్లే పద్ధతి గుర్తొస్తుంది.

గౌతమీతీరం

కారు, బెస్, రెండూ ఖాయం చేసుకున్నాం. ఆటోమేటిక్ వెతుకుతున్నాను. ఇప్పుడు నడకల గురించి చెప్పండి. అమ్మకు ఏది వీలు, మేమిద్దరం మాత్రమే వెళ్లదగ్గవి ఏవి?

మెట్లదారి

అమ్మగారికి వీలైనవి ముందు.

పవాన్: బెస్ నుంచి నాలుగు కిలోమీటర్లు. కారు పార్కింగ్ నుంచి నీటి ఒడ్డు కొద్ది నిమిషాల నడకే. అక్కడ కూర్చుంటే చాలు, బిలం గోడలు చుట్టూ కనిపిస్తాయి. సరస్సు చుట్టూ దారి మూడు కిలోమీటర్ల పైచిలుకు, గంట పడుతుంది. అదంతా చెట్ల వేర్లు, చిన్న ఎత్తుపల్లాలు. మోకాళ్లు బాగాలేనివాళ్లు మొత్తం చుట్టు పెట్టుకోవద్దు, వెళ్లినంత వెళ్లి అదే దారిన తిరిగి రావాలి. గాలివానల తర్వాత చెట్లు పడి ఒక ముక్క మూసేయడం ఉంటుంది, మొదట్లో బోర్డు చూడండి. ఇందులో ఈత నిషేధం. ఈత కావాలంటే షాంబోన్ సరస్సు, బెస్‌కు ఉత్తరాన. అది లోతు లేనిది, ఇసుక ఒడ్డు ఉంది. తార్తరే అనే అగ్నిపర్వతం ఏరుకు అడ్డంపడితే ఏర్పడింది.

పుయీ ద దోమ్: బెస్ నుంచి గంట ప్రయాణం. సొంత కార్లను పైకి వదలరు. 2012లో వచ్చిన పళ్లచక్రాల రైలు పావుగంటలో శిఖరం చేరుస్తుంది. పైన బాటలు చదునుగా వేసి ఉన్నాయి, రోమన్ల కాలపు మెర్క్యురీ గుడి శిథిలాలున్నాయి. ఉత్తరం వైపు నిలబడితే కొండల వరస మొత్తం ఒక్క చూపులో దొరుకుతుంది. వరస అర్థం కావాలంటే ఇక్కడికి రావాల్సిందే. మేఘం కమ్మిందంటే పక్కనున్న మనిషి కూడా కనపడడు, టికెట్ డబ్బు దండగ. పొద్దున్నే శిఖరం వెబ్‌క్యామ్ చూసి అప్పుడు కొనండి.

రోడ్డు మీంచే చూసేవి: త్యూలియేర్, సనద్వార్ అనే జంట రాళ్లు, గేరీ కనుమ దగ్గర. రెండూ పాత అగ్నిపర్వతాలు మిగిల్చిన లావా రాయి. త్యూలియేర్ రాయి పలకలుగా చీలుతుంది కాబట్టి ఇళ్ల కప్పులకు వాడేవారు. వ్యూపాయింట్‌లో కారు ఆపి పది నిమిషాలు. జోనాస్ గుహలు కూడా దగ్గరే. మెత్తని అగ్నిపర్వత రాతిలో తొలిచిన గదులు, లోపల ప్రార్థనాలయం. అక్కడ మెట్లు చాలా ఉన్నాయి, అమ్మగారిని కింద కూర్చోబెట్టాల్సి వస్తుంది.

ఇక మీ ఇద్దరికి.

పవాన్ నుంచి మోన్‌షాల్: సరస్సు పైనుంచి అడవిలో ఎక్కి 1400 మీటర్ల చిల్లర ఎత్తుకు. రానూ పోనూ రెండు, రెండున్నర గంటలు. పేలిన గుంట, గుట్టపడిన కొండ, రెండు రకాలూ ఒకే నడకలో వస్తాయి. అక్కడే క్రూ ద సూసీ అనే కూలిన గుహ ఉంది, అడుగున కార్బన్ డయాక్సైడ్ నిలుస్తుంది. దిగే ప్రయత్నం చేయకూడదు, పైనుంచి చూసి రావడమే.

సాన్సీ శిఖరం: స్యూపర్ బెస్ (బెస్ పైనున్న స్కీ విడిది) నుంచి కేబుల్ కారులో పెర్ద్రి శిఖరం (1824 మీటర్లు) దాకా వెళ్లి, అక్కడి నుంచి గట్టు వెంట నడిస్తే సాన్సీకి గంట, గంటన్నర. దూరం తక్కువే, కానీ గట్టు మీద గాలికి అడ్డం ఏదీ లేదు. జూన్ మధ్యలో కేబుల్ కారు రోజూ నడవకపోవచ్చు. సీజన్ల మధ్య మరమ్మతులకు ఆపుతారు, ముందే తేదీలు చూడండి. అటునుంచి ల మోన్ దోర్ కేబుల్ కారు ఎక్కితే పై స్టేషన్ నుంచి శిఖరానికి చెక్క మెట్లు. అమ్మగారు పై స్టేషన్ దాకా రావచ్చు, మెట్లు వద్దు.

పారియూ: రెండున్నర, మూడు గంటలు. ఆఖర్న నిటారు చెక్క మెట్లు, పైకి రాగానే 90 మీటర్ల లోతు గిన్నె. మెట్లు వదిలి పక్కన నడవకండి. వాటిని వేసిందే అందుకు: కింద ఉన్నది వదులు చిట్టెం, జనం తొక్కితే గడ్డి పోయి వానకు కొట్టుకుపోతుంది.

వాష్, లసొలాస్: జంట బిలాలు, రెండింటికీ ఒకవైపు గోడ లేదు. లోపల నిండిన లావా ఆ గోడను మోసుకుపోయింది. ఆ లావానే కిందికి పారి ఏటికి అడ్డుకట్టై ఎదా సరస్సు ఏర్పడింది. ఎర్రమన్ను, చుట్టు నడక సుమారు రెండు గంటలు. నా లెక్కలో పారియూ కంటే ఇదే ముఖ్యం, జనమూ తక్కువ.

గుర్తులు: చెట్ల మీద పసుపు గీత స్థానిక దారి, తెలుపు ఎరుపు గీతలు జీఆర్ అనే దూరపు దారి. గీతలు అడ్డంగా ఇంటూ ఆకారంలో ఉంటే అటు వెళ్లొద్దని. ఐజీఎన్ (ఫ్రెంచ్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపు నంబరు 2432ఈటీ సాన్సీకి, 2531ఈటీ పుయీల వరసకు. లోయల్లో సిగ్నల్ పోతుంది, ఫోన్లో మ్యాపు ముందే దించుకోండి.

బట్టలు: జూన్ అయినా గట్టు మీద 8, 10 డిగ్రీలుండటం మామూలే. గాలి ఆపే జాకెట్ తప్పదు. ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాత. గట్టు నడక పొద్దున తొమ్మిదిలోపు మొదలుపెట్టి ఒంటిగంటకల్లా దిగేలా చూడండి.

పచ్చికలో గేటు తీస్తే వెయ్యడం మర్చిపోవద్దు. గొర్రెల మంద దగ్గర పెద్ద తెల్లకుక్క కనిపిస్తే అది కాపలాది. పరుగెత్తకండి, కర్ర ఊపకండి, మందకు దూరంగా చుట్టు తిరిగి వెళ్లండి. పొడవాటి గడ్డిలో నడిచాక సాయంత్రం కాళ్ల మీద, మోకాళ్ల వెనక గోమార్లు పట్టాయేమో చూసుకోండి. వాటి ద్వారా లైమ్ జబ్బు వస్తుంది. పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగాలి, నూనె రాయడం, కాల్చడం చేయకూడదు.

కొత్తసభ్యుడు_12

పవాన్‌లో గ్యాస్ పేలుడు ప్రమాదం ఉందని వీడియోల్లో చూశాను. కామెరూన్‌లో న్యోస్ సరస్సు లాగా?

నల్లరేగడి

పోలిక ఎందుకొచ్చిందంటే, పవాన్ నీళ్లు పైకీ కిందికీ కలవవు. దాదాపు 60 మీటర్ల కింద ఆక్సిజన్ లేని బరువైన పొర ఉంటుంది, దాంట్లో కార్బన్ డయాక్సైడ్, మీథేన్ కరిగి ఉన్నాయి. 1986లో న్యోస్‌లో ఆ గ్యాస్ ఇక కరగలేనంత పేరుకుని ఒక్కసారి బయటికొచ్చింది. పవాన్‌లో ఆ స్థాయికి చాలా తక్కువ ఉంది. శాస్త్రజ్ఞులు ఎప్పటినుంచో గమనిస్తున్న సరస్సు అది. నిశ్చింతగా వెళ్లండి. సరస్సులో రాయి వేస్తే తుఫాను లేస్తుందని, అడుగున పాత బెస్ ఊరు మునిగి ఉందని అక్కడి కథలు. వీడియోలు ఆ కథలకు గ్యాస్ జోడించాయి.

పెరుగన్నం

తిండి దగ్గరకు వద్దాం. ఇది అసలు చిక్కు.

ఓవెర్న్ వంట అంటే పంది మాంసం, జున్ను, బంగాళదుంప. 'వెజిటేరియన్' అంటే చేప తింటారనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 'నీ వియాంద్, నీ ప్వాసోన్' (మాంసమూ వద్దు, చేపా వద్దు) అని చెప్పండి. సలాడ్‌లో కూడా చిన్న పంది ముక్కలు వేస్తారు కాబట్టి 'సాన్ లార్దోన్' అనేది కలపండి. ల ప్యుయి పచ్చ లెంటిల్స్ చూసి పప్పు దొరికిందని సంబరపడొద్దు, హోటల్లో అవి ఎక్కువగా సాసేజ్‌తోనే వస్తాయి.

త్రుఫాద్ (జున్ను కలిపిన బంగాళదుంప వేపుడు) ఒక్కటే కడుపు నింపుతుంది. దాన్ని చాలాచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు, ముందే అడగాలి. బసలో వంటగది ఉంటే మీరే చేసుకోవడం మేలు. నలుగురికి కిలో దుంపలు, 400 గ్రాముల 'తోమ్ ఫ్రేష్' (ఉప్పు వేయని, మాగని పచ్చి జున్ను), రెండు మూడు వెల్లుల్లి రెబ్బలు, నూనె. దుంపలు మూడు మిల్లీమీటర్ల బిళ్లలుగా కోయండి, కోశాక కడగొద్దు, పిండి పోతుంది. మూతపెట్టి మధ్యమధ్య కదుపుతూ 25 నిమిషాలు, కొన్ని విరిగిపోయినా పర్వాలేదు. మెత్తబడ్డాక వెల్లుల్లి, ఉప్పు. మంట పూర్తిగా తగ్గించి, సన్నగా కోసిన తోమ్ వేసి కింది నుంచి పైకి తిప్పుతూ ఉంటే తీగలు సాగుతుంది. ఆగకుండా వెంటనే తినాలి. చెడేది రెండు చోట్ల: తోమ్ దొరక్క మాగిన కాంతాల్ జున్ను వేస్తే తీగ సాగదు, నూనె విడిపోతుంది. మంట ఎక్కువైతే జున్ను రబ్బరు ముద్దవుతుంది.

ఖచ్చితమైన శాకాహారులకు ఒక సంగతి. సెన్ నెక్తేర్, కాంతాల్, బ్లూ దోవెర్న్, ఫూర్మ్ దాంబేర్ ఇవన్నీ దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో తోడుపెట్టినవి. తోమ్ కూడా అంతే. అభ్యంతరం ఉంటే ఈ ప్రాంతపు జున్నులన్నీ పక్కన పెట్టాల్సిందే, పెరుగు, మెత్తని పచ్చి జున్నైన ఫ్రొమాజ్ బ్లాన్‌లో కూడా లేబుల్ మీద 'ప్రెజ్యూర్' (రెన్నెట్) ఉందేమో చూడండి. మామూలు సాదా పెరుగులో అది ఉండదు. 'యఊర్ నాత్యూర్' కొనండి.

అభ్యంతరం లేనివాళ్లకు: సోమవారం పొద్దున బెస్ సంత. సెన్ నెక్తేర్ మీద పచ్చ బిళ్ల కోడిగుడ్డు ఆకారంలో ఉంటే రైతు ఇంట్లో పచ్చిపాలతో చేసింది, చతురస్రంగా ఉంటే డెయిరీది. మొదటిదే తీసుకోండి. మొత్తం చక్రం కిలోన్నర పైన ఉంటుంది, ముక్క కోసి ఇస్తారు.

ఇంటి నుంచి తెచ్చేవి: పాలు, నెయ్యి, పాలకోవా, మాంసం ఐరోపా సమాఖ్యలోకి సామానులో తేకూడదు. పచ్చి కరివేపాకు సర్టిఫికెట్ లేకుండా తీసుకుంటే తీసి పారేస్తారు. కొబ్బరికాయ, అరటిపండు, అనాస, ఖర్జూరం, దూరియన్ ఈ అయిదింటికే మినహాయింపు. పొడులు, ఆవకాయ, చింతపండు, కందిపప్పు ఇబ్బంది లేదు. కందిపప్పు మోయలేకపోతే సూపర్‌మార్కెట్‌లో 'లెంటీయ్ కొరాయ్' అంటే మన ఎర్ర మైసూరు పప్పు.

అంకెలపిచ్చి

పప్పు గురించి ఒక ముక్క. 1050 మీటర్ల మీద నీళ్లు 96.5 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకపోతే కందిపప్పు చాలాసేపు పడుతుంది, ముందు రోజు నానబెట్టండి. ఎత్తుకు గాలి ఒత్తిడి తగ్గుతుందని తేల్చిన ప్రసిద్ధ ప్రయోగం జరిగింది కూడా అక్కడే. పాస్కల్ తన బావ ఫ్లోరెన్ పెరియేను 1648 సెప్టెంబరు 19న పాదరసపు గొట్టంతో పుయీ ద దోమ్ ఎక్కించాడు. క్లెర్మాన్‌తో పోలిస్తే శిఖరం మీద పాదరసం దాదాపు 8.5 సెంటీమీటర్లు తక్కువ నిలిచింది.

గణితం ఇష్టమున్నవాళ్లకు బెస్‌లో ఇంకో మొక్కు ఉంది. నికొలా బూర్బాకీ అనే ఉమ్మడి పేరుతో పుస్తకాలు రాసిన గణితజ్ఞుల మొదటి పూర్తిస్థాయి సమావేశం 1935 జులైలో బెస్‌లోని విశ్వవిద్యాలయ జీవశాస్త్ర కేంద్రంలో జరిగింది. వాళ్లలో ఆంద్రే వేయ్ అంతకుముందే మన అలీగఢ్‌లో పాఠాలు చెప్పివచ్చాడు. తర్వాత ఇంకో జట్టు ఊరి పేరునే కలంపేరుగా పెట్టుకుంది: ఆర్థర్ బెస్.

దస్తావేజు

వీసా గురించి ఎవరూ రాయలేదు. షెంగెన్ చిన్న వీసా, హైదరాబాద్‌లోనే వీఎఫ్ఎస్ కేంద్రంలో వేలిముద్రలు ఇవ్వొచ్చు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అరవై దాటినవాళ్ల బీమాలో పాత జబ్బుల మినహాయింపు చదవండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. జూన్ ప్రయాణమైతే ఫిబ్రవరి, మార్చిలోనే స్లాటు పట్టుకోండి, ఏప్రిల్ వచ్చాక స్లాట్లు దొరకవు. గీత్ బుకింగ్ కాగితంలో నలుగురి పేర్లూ రాయించండి, ఒక్కరి పేరే ఉంటే మిగతా ముగ్గురికి బస రుజువు లేనట్టు.

గౌతమీతీరం

గీత్ అంటే? హోటల్ కంటే నయమా?

బండిచక్రం

పల్లెల్లో వంటగదితో సహా అద్దెకిచ్చే ఇల్లు. మీకు అదే సరి. కానీ మూడు సంగతులు. జులై, ఆగస్టుల్లో శనివారం నుంచి శనివారం వరకు వారానికే ఇస్తారు, జూన్‌లో నాలుగు రాత్రులు దొరుకుతుంది. దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలో కలవవు, 'ద్రా' కావాలని ముందే చెప్పి విడిగా కట్టాలి. వెళ్లేటప్పుడు ఇల్లు తుడిచి అప్పగించాలి, లేదంటే 'మెనాజ్' రుసుము పడుతుంది. ఆనవాయితీగా డిపాజిట్ చెక్కు అడుగుతారు, మన దగ్గర ఫ్రెంచ్ చెక్కు ఉండదు కాబట్టి కార్డుతోనో, నగదుతోనో కుదురుతుందా అని బుక్ చేసేముందే మెయిల్ పెట్టండి.

మధ్యాహ్నం 12:30 నుంచి 2:30 దాకా చిన్న దుకాణాలు మూత. హోటళ్ల వంటగది రెండు లోపే ఆగిపోతుంది, సాయంత్రం ఏడుకు ముందు తెరవదు. పుయీ ద దోమ్ నుంచి మూడింటికి దిగి భోజనం అంటే ఉపవాసమే, పులిహోర డబ్బా కట్టుకెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఏమీ దొరకదు. దిగేరోజు ఆదివారమైతే క్లెర్మాన్‌లోనే సరుకులు కొనేయండి, అదీ పొద్దున.

పెట్రోలు: పల్లె బంకుల్లో మనిషి ఉండడు, కార్డు మెషీనే. నింపేముందు వంద యూరోల పైన పట్టి ఉంచి, తర్వాత అసలు మొత్తం తీసుకుంటుంది. కార్డులో అంత లేకపోతే తిప్పికొడుతుంది. విదేశీ వాడకం బ్యాంకు యాప్‌లో తెరిచి, నాలుగంకెల పిన్ గుర్తుంచుకుని, రెండు వేరు బ్యాంకుల కార్డులు ఉంచుకోండి. పెట్రోలు మీద 'సాన్ ప్లోన్ 95' లేదా ఈ10, ఈ5 అని ఉంటుంది. 'గజోల్', బీ7 అంటే డీజిల్. పేరులో 'గ్యాస్' వినిపిస్తోందని అది కొట్టించి ఇంజన్ పాడుచేసుకునేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. మూత లోపల ఏది రాసి ఉందో చూసి అదే గుండ్రటి గుర్తున్న గొట్టం పట్టుకోండి.

గౌతమీతీరం

అర్థమైంది. రోజుల క్రమం ఎలా పెట్టమంటారు?

మెట్లదారి

తేదీలకు కట్టెయ్యకండి. ఆకాశం బాగున్న రెండు రోజుల్లో ఒకటి పుయీ ద దోమ్‌కు, ఇంకొకటి సాన్సీకి. మబ్బు రోజున పవాన్, జోనాస్, సెన్ నెక్తేర్ ఊరి చర్చి. అక్కడి స్తంభాల పైతలలు 103, వాటిలో కొన్నింటి మీద రంగుల శిల్పాలున్నాయి, చూడ్డానికి ఎండ అక్కర్లేదు. వాష్, లసొలాస్‌ను క్లెర్మాన్‌కు తిరిగి వెళ్లే రోజుకు ఉంచండి. అక్కడి నుంచి ఎదా మీదుగా ఎలాగూ అటే దిగుతారు, రైలు సాయంత్రానిది తీసుకుంటే సరి. మీరిద్దరూ ఎక్కుతుంటే పెద్దవాళ్లు ఎదా సరస్సు గట్టున ఉండొచ్చు, అక్కడ చదును దారి, బెంచీలు ఉన్నాయి.